పదకొండు మైళ్ళ తేడా

కిందటి వారం కెప్టెన్ ఎడ్మండ్ రిమ్మర్‌ని రాతబల్ల ముందు కూర్చోబెట్టి మన దారిన మనం వచ్చేశాం. వారం తిరిగి వచ్చి చూస్తే ఆయన అక్కడే ఉన్నాడు. కాగితమూ అలాగే తెల్లగా ఉంది.

హెస్కెత్ లైన్ ఓడల కంపెనీ పుట్టి యాభై ఏళ్ళు నిండుతున్నాయని, ఆ ఓడల చరిత్ర, అవి తిరిగిన రేవుల చరిత్ర, నడిపిన ఆఫీసర్ల చరిత్ర ఒక పుస్తకంగా వెయ్యాలని లివర్‌పూల్ ఆఫీసులో పెద్దలు తీర్మానించారు. కిందటేడే కంపెనీ కెప్టెన్లందరికీ పెద్ద, కమడోర్ హోదాలో రిటైరై క్రాస్బీ ఒడ్డున ఇంట్లో గులాబీలు పెంచుకుంటున్న రిమ్మర్ నెత్తిన ఆ పని పెట్టారు. పద్దెనిమిది ఓడల కథ ఆయన చకచకా రాసి పడేశాడు. పంతొమ్మిదో ఓడ 'సిల్వానియా' దగ్గరకి వచ్చేసరికి కలం మొరాయించింది. 1907 మే నెలలో హాలిఫాక్స్ రేవుకి పోతూ రాళ్ళకెక్కి మునిగిన ఓడ అది. ముప్పై ఏడు మంది పోయారు. కెప్టెన్ లేథమ్ కూడా ఓడతోనే పోయాడు. ఆ లేథమ్ కూతురే ఇప్పుడు రిమ్మర్ భార్య హెస్టర్. "నాన్న గురించి బాగా రాయి" అని ఆవిడ రోజుకోసారి గుర్తు చేస్తూనే ఉంది.

ఎందుకు రాయలేకపోతున్నాడో కిందటి వారం చదివినవాళ్ళకి తెలుసు. చదవనివాళ్ళ కోసం మళ్ళీ చెబుతాను. చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది, చేసినవాడికి ఇంకెంత ఉండాలి!

హెస్కెత్ ఓడల మీద ఒక ఆచారం ఉండేది. ఇప్పటికీ ఉంది. నడిసముద్రంలో ఎండ కాసిన ప్రతిరోజూ మిట్టమధ్యాహ్నం ఆఫీసర్లంతా పై డెక్కు మీద వరసగా నిలబడి, సెక్స్టెంట్ అనే యంత్రం కంటికి పెట్టుకుని సూర్యుడు ఎంత ఎత్తున ఉన్నాడో కొలుస్తారు. దాన్ని బట్టి ఓడ ఏ అక్షాంశం మీద ఉందో ఎవరి లెక్క వాళ్ళు వేసి, చీటీ మీద రాసి కెప్టెన్ చేతికివ్వాలి. ఒకరు పొరబడితే ఇంకొకరి చీటీ పట్టిస్తుందని పాతకాలపు పెద్దలు పెట్టిన పద్ధతి. మేలైన పద్ధతే. హెస్కెత్ వాళ్ళు దానికి ఒక తోక తగిలించారు. కెప్టెన్ తన అంకె ముందే పైకి చదివేవాడు. ఆ అంకెకి రెండు మైళ్ళకు మించి తేడా రాసిన ఆఫీసరుకి ఆ పూట భోజనాల బల్ల దగ్గర కంచం పక్కన మట్టి కూడా దులపని పచ్చి బంగాళాదుంప ఒకటి ప్రత్యక్షమయ్యేది. 'నాయనా, నీది సముద్రం మీద బతుకు కాదు, పోయి దుంపలు తవ్వుకో' అని దాని అర్థం. బల్ల చుట్టూ అందరూ నవ్వేవారు. దుంప పడ్డవాడు కూడా నవ్వాలి. నవ్వకపోతే మర్నాడు రెండు దుంపలు.

దాంతో హెస్కెత్ కుర్ర ఆఫీసర్లు ఒక విద్య త్వరగా ఒంటబట్టించుకున్నారు. ఒక కన్ను సూర్యుడి మీద, ఒక చెవి కెప్టెన్ నోటి మీద. నాలుగు చీటీలూ కూడబలుక్కున్నట్టు ఒకే అంకె చెప్పేవి. చూసిన ప్రయాణికులు 'అబ్బో, ఎంత నిక్కచ్చి మనుషులో!' అని మురిసిపోయేవారు.

ఆ రోజు సిల్వానియా మీద కెప్టెన్ లేథమ్ తన అంకె చదివాడు. రెండో ఆఫీసరు రిమ్మర్‌కి మాత్రం ఓడ అంతకంటే పదకొండు మైళ్ళు ఉత్తరాన ఉన్నట్టు వచ్చింది. అంటే తీరానికి అంత దగ్గరగా పోతున్నట్టు. మళ్ళీ వేశాడు. మళ్ళీ పదకొండే. ఆ ప్రయాణంలో అప్పటికే ఆయనకి రెండు దుంపలు పడ్డాయి. పైగా కెప్టెన్ కూతుర్ని అడగాలని మనసులో ఉంది. కాబోయే మామగారి ఎదుట మూడో దుంప పెట్టించుకోవాలా? చీటీ మీద కెప్టెన్ అంకె వేసి ఇచ్చేశాడు. మూడో ఆఫీసరు ఇద్వాల్ ప్రిచర్డ్, ఆంగ్లెసీ దీవి నుంచి వచ్చిన వెల్ష్ కుర్రాడు, తనకి వచ్చిందే రాశాడు. అతనికీ పదకొండు మైళ్ళు ఉత్తరానే వచ్చింది. లేథమ్ పగలబడి నవ్వి ఆ చీటీని గాలికి వదిలేశాడు. పొద్దు వాలేసరికి పొగమంచు కమ్మింది. ప్రిచర్డ్ కాపలాలో ఉండగా ఓడ రాళ్ళకెక్కింది.

విచారణలో ప్రిచర్డ్ తన చీటీ సంగతి చెప్పాడు. నిజమేనా అని జడ్జి రిమ్మర్‌ని అడిగాడు. "మా అందరి లెక్కా ఒకటేనండీ" అన్నాడు రిమ్మర్. ప్రిచర్డ్ తన తప్పుడు లెక్క నమ్ముకుని పొగమంచులో దారి మళ్ళించినందుకే ఓడ రాళ్ళకెక్కిందని తేల్చారు. అతని ఆఫీసరు సర్టిఫికెట్ పోయింది. ఆ మరుసటి ఏడు రిమ్మర్ పెళ్ళి హెస్టర్‌తో వైభవంగా జరిగింది.

ఇదీ కిందటి వారం దాకా వచ్చిన కథ. ఇప్పుడు ఇరవై నాలుగేళ్ళ తర్వాత, ఒక శనివారం పొద్దున పదకొండున్నరకి ఆ ఇంటి తలుపు గంట మోగింది.

హెస్టర్ వెళ్ళి తీసింది. కాసేపటికి రాతగది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆవిడ పెదవులు బిగిసిపోయి ఉన్నాయి.

"ప్రిచర్డట. ఇద్వాల్ ప్రిచర్డ్. కోర్టులో మా నాన్న పేరు బురదలోకి లాగిన మనిషి. ఆదివారం కోటు వేసుకుని మన ముందుగదిలో నిలబడ్డాడు. పైగా గుడ్డలో చుట్టి రొట్టె కూడా తెచ్చాడు. ఏం చెయ్యమంటావు? పంపించెయ్యనా?"

ఈ రోజు ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని రిమ్మర్‌కి తెలుసు. ఇరవై నాలుగేళ్ళుగా కలలో ఎన్నోసార్లు వచ్చింది. ప్రతి కలలోనూ ప్రిచర్డ్ చొక్కా పట్టుకునేవాడు. పంపించెయ్యమని నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఆ మాట అంటే హెస్టర్ ఎందుకని అడుగుతుంది.

"వస్తున్నాను పద" అన్నాడు.

ముందుగదిలో కెప్టెన్ లేథమ్ నిలువెత్తు పటం కింద ప్రిచర్డ్ టోపీ రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉన్నాడు. యాభై ఏళ్ళవాడికి తల పూర్తిగా నెరిసిపోయింది. బూటిల్‌లో డాక్ గేటు దగ్గర కాపలా ఉద్యోగం అని రిమ్మర్ ఎక్కడో విన్నాడు. ఆ గేటు ఉన్న వైపు వెళ్ళకుండా ఆయన ఇన్నేళ్ళు ఎన్ని చుట్టుదారులు తిరిగాడో లెక్కలేదు.

"కమడోర్ గారూ, గుర్తుపట్టారా?"

"ఎందుకు పట్టను ప్రిచర్డ్. కూర్చో."

"నిలబడే చెబుతానండీ. కూర్చుంటే ధైర్యం చాలదు. పుస్తకం రాస్తున్నారట కదా, డాకుల మీద అందరూ చెప్పుకుంటున్నారు. సిల్వానియా సంగతీ అందులో ఉంటుందా?"

"ఉండాలి."

"అయితే నా తరఫున అందులో ఒక వాక్యం వెయ్యండి. తప్పు నాదని వెయ్యండి."

రిమ్మర్‌కి వెంటనే అర్థం కాలేదు. కుర్చీ చెయ్యి పట్టుకున్నాడు. ప్రిచర్డ్ ఆయన వంక చూడకుండా హెస్టర్ వైపు తిరిగాడు.

"అమ్మా, మీ నాన్నగారు తిరిగి మాట చెప్పలేని చోటికి వెళ్ళిపోయాక, కోర్టులో నిలబడి ఆయన మీద వేలు చూపించాను. నా చీటీ విసిరేశారన్నాను. విసిరెయ్యడం నిజమే. తప్పుడు చీటీని విసిరెయ్యక నెత్తిన పెట్టుకుంటారా? ఈ మాట చెప్పడానికి నాకు ఇరవై నాలుగేళ్ళు పట్టింది. చచ్చినవాడి మీద నింద వేశాను. నన్ను క్షమించాలి మీరు."

హెస్టర్ పటం వంక ఒకసారి చూసి, కుర్చీ ముందుకు జరిపింది.

"కూర్చోండి ప్రిచర్డ్ గారూ. మా అమ్మ పోయేముందు దాకా మీ పేరెత్తి తిట్టింది. ఈ మాట ఆవిడ చెవిన పడి ఉంటే బాగుండేది. ఉండండి, టీ తెస్తాను. ఆ రొట్టె మీ ఆవిడ చేసిందా?"

"అవునమ్మా. ఎండుద్రాక్ష వేసింది. మా వైపు టీతో తింటాం. వట్టి చేతులతో వెళ్ళకు, క్షమాపణ అడగడానికి వెళ్ళేవాడికి సంచి బరువుండాలి అని ఇచ్చింది."

హెస్టర్ ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ మనిషిని చూసి నవ్వింది. రిమ్మర్‌కి నేల చీలి తనని మింగేస్తే బాగుండనిపించింది. కొడతాడనుకున్నవాడు కాళ్ళు పట్టుకుంటుంటే ఆ కాళ్ళు ఎక్కడ దాచుకోవాలి?

"ప్రిచర్డ్," అన్నాడు, "నీ లెక్క తప్పని నీకెవరు చెప్పారు?"

"మీరే కదండీ!"

"నేనా?"

"మీ చీటీ చెప్పింది. చీఫ్ ఆఫీసరు గారి సంగతి వదిలేయండి, ఆయన కెప్టెన్ గారు పగలే చుక్కలున్నాయంటే లెక్కపెట్టే రకం. కానీ మీరలా కాదే! ఆ ప్రయాణంలోనే మీ కంచం పక్కన రెండు దుంపలు పడ్డాయి. రెండుసార్లూ మీకొచ్చిందే రాశారు. దుంప పెడితే పెట్టుకోమన్నారు. కుర్రాళ్ళం మేం మిమ్మల్ని చూసి 'మగాడంటే ఈయనరా' అనుకున్నాం. తేడా వస్తే రాసే మనిషి మీరు. ఆ రోజు రాయలేదంటే తేడా రాలేదనే కదా? మొదట్లో ఒప్పుకోలేదు నేను. రెండేళ్ళు అందరినీ తిట్టుకున్నాను, మిమ్మల్ని కూడా, దాచనెందుకు. తర్వాత చల్లబడి ఆలోచిస్తే ఇంకో దారి కనబడలేదు. రిమ్మర్ గారికి కెప్టెన్ గారి అంకే వచ్చిందంటే నాది తప్పే. మీరు అబద్ధమాడే మనిషి కాదు కదా."

రిమ్మర్‌కి తల కొట్టేసినట్టయింది. ఎంత చిన్న సంగతికి ఇంత జరిగింది! తుపాకీకి భయపడి అబద్ధమాడినవాణ్ణి లోకం అర్థం చేసుకుంటుంది. ఆకలికి ఆడినవాణ్ణి జాలిపడి వదిలేస్తుంది. తను ఒక దుంపకి భయపడ్డాడు. పైగా కమడోర్ అయ్యాక తనూ అదే దుంప ఎందరి కంచాల పక్కనో పెట్టించి, బల్ల తలాపున కూర్చుని నవ్వాడు. ఈ పుస్తకంలోనే మూడో అధ్యాయంలో 'మన ఓడల సరదా ఆచారాలు' అని రెండు పేజీలు దాని మీద రాశాడు. కంపెనీ ఆఫీసులో చదివి తెగ మెచ్చుకున్నారు.

హెస్టర్ టీ తెచ్చింది. ప్రిచర్డ్ ఒక్క గుక్క తాగి, జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు.

"నాకు తెలియనిది ఒక్కటే ఉండిపోయిందండీ. ఎక్కడ తప్పాను? ఆ రోజు అంకెలు నాకు నోటికొచ్చు. ప్రార్థన మరిచిపోతానేమో గానీ అవి మరిచిపోను. ఏటా ఆ తేదీన కూర్చుని లెక్క వేస్తాను. ఎన్నిసార్లు వేసినా అక్కడికే వస్తుంది. మా ప్రార్థన మందిరం చాపెల్‌లో నన్ను సంఘపెద్దగా ఉండమని ఎన్నేళ్ళుగానో అడుగుతున్నారు. ముప్పై ఏడు ప్రాణాలు తీసిన తప్పు ఎక్కడుందో కూడా తెలియనివాణ్ణి, నేనెవరికి పెద్దని? ఒక్కసారి చూసిపెట్టండి. మీది మంచి కన్ను."

రిమ్మర్ కళ్ళజోడు తగిలించుకున్నాడు. కాగితం మీద వెల్ష్ చేతి గుండ్రటి అంకెలు వరసగా దిగుతున్నాయి. పై నుంచి ఒక్కొక్క గీతే చూసుకుంటూ వచ్చాడు. ఎక్కడా తప్పు లేదు. ఉండదని ఆయనకి చూడకముందే తెలుసు. ఆ రోజు తన కాగితం మీద రెండుసార్లు వచ్చిన అంకె, చివరి గీత కింద అచ్చంగా అలాగే కూర్చుని ఉంది.

చెప్పెయ్యి, అంది లోపల ఏదో. ఇప్పుడే చెప్పెయ్యి. 'ప్రిచర్డ్, ఇందులో తప్పు లేదు, నాకూ ఇదే వచ్చింది' అంటే అయిపోతుంది. కానీ పటం కింద హెస్టర్ కూర్చుని ఉంది, ఇరవై నాలుగేళ్ళ తర్వాత తండ్రికి న్యాయం జరిగిందన్న తృప్తితో రొట్టె ముక్కలు కోస్తోంది. ఆ మాట అంటే ఆవిడ తండ్రి ముప్పై ఏడు మందిని ముంచినవాడవుతాడు. మొగుడు అది తెలిసి, నోరు మూసుకుని, తన చెయ్యి పట్టుకున్నవాడవుతాడు.

లెక్కల్లో చురుకైన బుర్ర అబద్ధంలోనూ చురుకుగానే పనిచేస్తుంది. ఆయన చూపు మూడో గీత దగ్గర ఆగింది. ప్రతి సెక్స్టెంట్‌కీ పుట్టుకతో ఏదో ఒక చిన్న దోషం ఉంటుంది. కొన్నింటికి ఆ దోషం కలుపుకోవాలి, కొన్నింటికి తీసెయ్యాలి. ప్రిచర్డ్ ఐదున్నర మైళ్ళ మేర తీసేశాడు. ఐదున్నర కలపాల్సిన చోట తీసేస్తే తేడా ఎంత వస్తుంది? సరిగ్గా పదకొండు.

"ఇదిగో, ఇక్కడ" అంది రిమ్మర్ నోరు. "ఇక్కడ తీసేశావు. కలపాలి."

"నాదానికి తీసెయ్యాలండీ. బర్కెన్‌హెడ్‌లో తాకట్టు కొట్టువాడి దగ్గర కొన్న పాత సరుకు. దాని మర అరిగిపోయి దోషం సరిచెయ్యడానికి వీలయ్యేది కాదు. కొన్నప్పట్నుంచీ తీసేస్తూనే ఉన్నాను."

"ఆ పొద్దున నీ పెట్టె మూత తీసి ఉంటే, నా యంత్రంతో పోల్చి చూద్దామని తీశాను. ఎక్కడో దెబ్బ తగిలినట్టుంది. దోషం అటు నుంచి ఇటు తిరిగింది. నీకు చెబుదామనుకుని పనిలో పడి మరిచిపోయాను. కొంత తప్పు నాదీ ఉంది."

చూశారా, ఎంత నేర్పో! అబద్ధానికి నిజం రంగు రావాలంటే అందులో కాస్త తన తప్పు కూడా కలపాలని ఆయనకి ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. ఆ సెక్స్టెంట్ ఓడతో పాటు మునిగిపోయింది. కాదనడానికి లోకంలో సాక్ష్యం లేదు.

ప్రిచర్డ్ కాగితం లాక్కుని వేలితో గీత మీద రాశాడు.

"ఐదున్నర ఇటు... ఐదున్నర అటు... పదకొండు! అమ్మా, చూశారా, పదకొండు! దేవుడా, ఇంతేనా? ఇంత చిన్నదా?"

అతను నవ్వాడు, ఆ నవ్వులోనే ఏడ్చాడు, వాళ్ళ భాషలో ఏదో అనుకున్నాడు. హెస్టర్ తన రుమాలు ఇచ్చింది. ఆవిడ కళ్ళూ తడిశాయి. ప్రిచర్డ్ లేచి వచ్చి రిమ్మర్ చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"నా ఇరవై నాలుగేళ్ళూ నాకిచ్చేశారండీ" అన్నాడు.

రిమ్మర్ ఆ చేతిని వెనక్కి తీసుకోలేకపోయాడు, ఉంచనూ లేకపోయాడు. మొదటి అబద్ధం అప్పటి పెళ్ళి ఆశ ఆడింది అనుకుని ఇన్నాళ్ళూ బతికాడు. ఈ రెండోదాన్ని ఎవరి మీద తోస్తాడు? అరవై ఒక్క ఏళ్ళు వచ్చి, కాళ్ళ దగ్గరకి వచ్చినవాణ్ణి మళ్ళీ తొక్కాడు. తన మీద తనకే అసహ్యం వేసి టీకప్పు వంక చూస్తూ కూర్చున్నాడు.

ప్రిచర్డ్ గోడ గడియారం చూసి కంగారుగా టోపీ అందుకున్నాడు.

"పన్నెండున్నర దాటిందే! వస్తానండీ, అబ్బాయిని పట్టుకోవాలి. ఇంక వాడికి జవాబు చెప్పొచ్చు."

"ఏ అబ్బాయి?" అంది హెస్టర్.

"మా ఎమ్రిస్, అమ్మా. హెస్కెత్ లైన్‌లోనే, 'కోరినియా' మీద మూడో ఆఫీసరు. నా పేరు చెప్పకుండా చేరాడు, చెబితే తీసుకుంటారా? కిందటి ప్రయాణంలో వాడి లెక్కకీ కెప్టెన్ బిర్చల్ గారి లెక్కకీ ఏడు మైళ్ళు తేడా వచ్చింది. నా కొడుకు కదా, తన అంకే రాసిచ్చాడు. ఇంకేముంది, కంచం పక్కన దుంప! చుట్టూ ఖాళీ సముద్రం కాబట్టి ఎవరిది ఒప్పో తేలలేదు, ఓడకీ ఏం కాలేదు. వాడు ఇంటికొచ్చి అడిగాడు. 'నాన్నా, తేడా వస్తే నా అంకె రాయనా, ఆయనది రాయనా?' అని. రెండు వారాలు నోరు విప్పలేకపోయానమ్మా. నా గతి నాకే తెలియదు, వాడికేం చెప్పను? అందుకే ఇవాళ వచ్చాను. ఓడ రెండున్నరకి కదులుతుంది. హాలిఫాక్స్‌కే. ఈసారి తీరం దగ్గర మంచు బాగా ఉందంటున్నారు."

"ఏం చెబుతారు?"

"ఇంకేం చెబుతానమ్మా, పెద్దవాళ్ళ అంకె వెయ్యరా అంటాను. తన యంత్రాన్ని నమ్ముకుని మీ నాన్న బాగుపడ్డది చాలు అంటాను. కమడోర్ గారే చూసి చెప్పారని చెబితే మారు మాట్లాడడు. వాడికి ఈయనంటే దేవుడు."

దణ్ణం పెట్టినంత పని చేసి ప్రిచర్డ్ వెళ్ళిపోయాడు. హెస్టర్ గుమ్మం దాకా సాగనంపింది.

రిమ్మర్ కుర్చీలోంచి లేవలేదు. బిర్చల్! ఆయన చేతి కింద పెరిగినవాడే. దుంప పెట్టించడం నేర్పింది కూడా ఆయనే. రెండేళ్ళుగా బిర్చల్‌కి చూపు మందగిస్తోంది, కళ్ళజోడు పెడితే కంపెనీ దింపేస్తుందని దాచుకుంటున్నాడు. ఆ సంగతి రిమ్మర్‌కి తెలుసు. పాత స్నేహం కొద్దీ ఎవరికీ చెప్పలేదు. అలాంటి కెప్టెన్, హాలిఫాక్స్ తీరం, మంచు, పై డెక్కు మీద నిజం రాసే ఒకే ఒక్క కుర్రాడు. ఆ ఒక్కడి నోరూ నొక్కెయ్యడానికి తండ్రిని తన చేతులతోనే పంపించాడు.

ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే ఆయన వీధిలోకి పరుగెత్తాడు. అరవై ఒక్క ఏళ్ళ కమడోర్, తల మీద టోపీ లేకుండా, శనివారం పట్టపగలు క్రాస్బీ వీధిలో అలా పరుగెత్తడం ఎవరూ చూసి ఉండరు. ఎదురింటి ఆవిడ తెర పక్కకి జరిపింది. స్టేషను మలుపు దగ్గర ప్రిచర్డ్ అందాడు.

"ప్రిచర్డ్! ఆగు! నువ్వు తప్పు చెయ్యలేదు."

"అదే కదండీ, యంత్రం..."

"యంత్రమూ కాదు. దాన్ని నేను ముట్టుకోనే లేదు. ఇందాక చెప్పింది అబద్ధం. నాకూ పదకొండు మైళ్ళే వచ్చింది ఆ రోజు. రెండుసార్లు వేశాను, రెండుసార్లూ నీ అంకే. దుంపకి భయపడి కెప్టెన్ అంకె రాశాను. కోర్టులోనూ దాచాను. విన్నావా? నీదే ఒప్పు. మీ వాడికి తన అంకే రాయమని చెప్పు!"

ఆయాసంతో మాటలు తెగిపోతున్నాయి. ఇరవై నాలుగేళ్ళు గొంతులో ఇరుక్కున్న మాట బయటపడింది. రిమ్మర్ కళ్ళు మూసుకున్నాడు. చెంప మీద దెబ్బ పడుతుందని ఎదురుచూశాడు, పడితే బాగుండనుకున్నాడు.

భుజం మీద మెత్తగా చెయ్యి పడింది.

"మీది చాలా మంచి మనసండీ" అన్నాడు ప్రిచర్డ్.

"ఏమిటి?"

"నేను ఏడవడం చూసి తట్టుకోలేకపోయారు. నా దోషం మీ నెత్తిన వేసుకుందామని పరుగెత్తుకొచ్చారు. మా ఆవిడతో చెబితే నమ్మదు."

"ప్రిచర్డ్, నేను నిజం చెబుతున్నాను!"

"ఇందాక వేలు పెట్టి చూపించారు కదండీ. ఐదున్నరకి ఐదున్నర పదకొండు. మనుషులు ఆడతారేమో గానీ అంకెలు అబద్ధమాడవు. మీరు దుంపకి భయపడటమేమిటి, నా కళ్ళతో చూశాను కదా, రెండు దుంపలు పడ్డా నవ్వుతూ అన్నం తిన్నారు." అతను రిమ్మర్ చొక్కా కాలరు సరిచేశాడు. "చలిగాలి కొడుతోంది, లోపలికి వెళ్ళండి. ఇరవై నాలుగేళ్ళకి నా తప్పు నాకు దొరికింది. దాన్ని మళ్ళీ నా దగ్గర్నుంచి లాక్కోకండి, మీకు పుణ్యముంటుంది."

స్టేషన్‌లో రైలు చప్పుడు వినబడింది. ప్రిచర్డ్ టోపీ చేత్తో అదిమిపట్టుకుని పరుగు తీశాడు. తేలికైపోయిన మనిషి పరుగు అది. రిమ్మర్ రెండడుగులు వేశాడు, ఒక కాలి చెప్పు ఊడిపోయింది. తలుపులు మూసుకుని రైలు లివర్‌పూల్ వైపు కదిలిపోయింది.

అబద్ధం చెబితే కళ్ళకద్దుకుని నమ్మాడు. నిజం చెబితే నమ్మలేదు. ఏ మొహంతో నమ్మించాలి? ఊడిన చెప్పు కోసం వెనక్కి తిరిగాడు.

హెస్టర్ నాలుగడుగుల దూరంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. ఆవిడ ముఖంలో రక్తం లేదు. కానీ గొంతు మాత్రం కెప్టెన్ కూతురి గొంతే, వణకలేదు.

"గదిలో ఒకటి చెప్పావు. వీధిలో ఇంకొకటి చెప్పావు. రెండూ విన్నాను ఎడ్మండ్. ఏది అబద్ధం?"

రిమ్మర్ ఊడిన చెప్పు చేతిలోకి తీసుకున్నాడు.

"మా నాన్న కోసం చూడకు, నా కోసం చూడకు" అంది హెస్టర్. "తర్వాతి రైలు ఒంటిగంటా పదికి. ఆ కుర్రాడు తండ్రి మాట వినేలోపు మనం ఓడ దగ్గర ఉండాలా, అక్కర్లేదా? అది చెప్పు ముందు."